డిగ్రీ లేని ప్రొఫెసర్ – జార్జి బూల్

కంప్యూటర్ ప్రోగ్రాం రాయాలంటే పెద్ద చదువులు కావాలి, మనవల్ల ఏమవుతుంది అని మనలో చాలామంది అనుకుంటాం. ఆ ప్రోగ్రాములకి పునాది వేసినాయన కాలేజీ గడప తొక్కి చదువుకోలేదు.

జార్జి బూల్ 1815లో ఇంగ్లండులోని లింకన్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి బూట్లు కుట్టేవాడు. ఆయనకి దుకాణం కంటే దుర్భిణీలు చేయడం మీదే మనసు. కొడుక్కి లెక్కలు మొదట నేర్పింది ఆయనే. గ్రీకు, ఫ్రెంచి, జర్మన్ భాషలు బూల్ సొంతంగా నేర్చుకున్నాడు. 14 ఏళ్లప్పుడు ఒక గ్రీకు పద్యాన్ని అనువాదం చేస్తే పేపర్లో వేశారు. ఇంత చిన్నవాడు రాశాడంటే నమ్మనని ఒక మాస్టారు గొడవ చేశాడు!

తండ్రి వ్యాపారం దెబ్బతింది. 16వ ఏట బూల్ బడిపంతులుగా చేరి ఇంటిల్లిపాదినీ పోషించాడు. 19వ ఏట సొంతంగా బడి పెట్టాడు. డబ్బులు తక్కువ కదా, అందుకని లెక్కల పుస్తకాలు కొనేవాడు. అవైతే తొందరగా అయిపోవు! కానీ చెప్పేవాళ్లు లేక కొన్నేళ్లు వృథా అయ్యాయని తర్వాత ఆయనకే తెలిసొచ్చింది.

1844లో రాయల్ సొసైటీ ఆయనకి పతకం ఇచ్చింది. 1849లో ఐర్లండులోని కార్క్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యాడు. డిగ్రీ లేదు, చేసిన పని చూసి ఇచ్చారు. ఆయన భార్య మేరీ, ఎవరెస్టు శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జి ఎవరెస్టుకి తమ్ముడి కూతురు.

1854లో బూల్ ఒక పుస్తకం రాశాడు. మనం ఆలోచించే తీరుని కూడా లెక్కల్లాగే రాయొచ్చని అందులో చూపించాడు. అదేంటో మన హాస్టల్ లెక్కలో చెప్తాను. ఇంటికి పోవాలంటే వార్డెన్ సారు సంతకం ఉండాలి, ఇంటినుంచి మనిషి రావాలి. రెండూ ఉంటేనే 1, ఒక్కటి లేకపోయినా 0. వచ్చేది అమ్మ గానీ నాన్న గానీ, ఒక్కరొస్తే చాలు 1. ఇంతే! 1937లో క్లాడ్ షానన్ అనే విద్యార్థి ఈ లెక్కనే కరెంటు స్విచ్చులకి పెట్టి చూపించాడు. ఇవాళ మన ఫోన్లలో, కంప్యూటర్లలో నడిచేది అదే.

1864లో బూల్ వానలో తడుస్తూ కాలేజీకి నడిచి, తడి బట్టలతోనే పాఠం చెప్పాడు. జ్వరం ముదిరి 49 ఏళ్లకే చనిపోయాడు.

డిగ్రీ లేకపోయినా ఆయన పునాది గట్టిది. ఎందుకంటే ఒక్కో లెక్కా అర్థమయ్యేదాకా వదల్లేదు. ఆయనకి అడగడానికి మాస్టారు లేరు. మనకి ఉన్నారు. స్టడీ అవర్లో సిగ్గుపడకుండా అడుగుదాం!