ఖాళీ అయిన బడి: క్లౌ దొరగారి తొలి రోజులు

ఒంగోలు విడిచి ఎన్ని తరాలు గడిచినా మన తెలుగు బాప్టిస్టు కుటుంబాలలో క్లౌ దొరగారి పేరు వినని ఇల్లు అరుదు. ఆయన పేరెత్తగానే 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి చెబుతారు. ఆనాడు నీళ్ళలో దిగి బాప్తిస్మమిచ్చినది దొరగారు కాదు, ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరి తరువాత ఇద్దరు వంతులు వేసుకొని ఇచ్చారు. ఇది మన పిల్లలకు చెప్పవలసిన మాట. అయితే మేము ఇప్పుడు చెప్పదలచినది అంతకు పన్నెండేళ్ళ ముందు, దొరగారికి ముప్పై ఏళ్ళ వయస్సులో జరిగినది.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో సర్వే పని నేర్చుకున్నారు, ప్లీడరు కావాలనుకున్నారు. కాలేజీలో ఉండగా ప్రభువును నమ్ముకున్నారు. 1864 నవంబరు 30న భార్య హారియెట్ అమ్మగారితో బోస్టనులో ఓడ ఎక్కారు. నెల్లూరు మిషనును మూసివేయవద్దని పట్టుబట్టిన జూయెట్ దొరగారు కూడా అదే ఓడలో తిరిగి వచ్చారు. 1865 ఏప్రిలులో మద్రాసులో దిగి, నెల్లూరు చేరి, మున్షీ దగ్గర ఓనమాలు మొదలుపెట్టారు. కాలేజీ చదువు చదివినవాడు మళ్ళీ అక్షరాలు దిద్దడం ఎంత కష్టమో, వేరే రాష్ట్రాలలో స్థిరపడిన మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

1866 సెప్టెంబరులో ఒంగోలుకు కాపురం మార్చారు. ఊరిలోని పెద్దలు, ముఖ్యంగా బ్రాహ్మణులు, తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు కావాలని కోరారు. దొరగారు సంతోషంగా బడి పెట్టారు. పై కులాల పిల్లలు చురుకైనవారు, వాక్యము కూడా వింటున్నారు. వీరు మారితే ఊరంతా మారుతుందని ఆయన ఆశ. ఆనాటి మిషనరీలలో చాలామందికి ఇదే ఆశ ఉండేది.

ఈలోగా యర్రగుంట్ల పేరయ్య గారు వచ్చారు. ఆయన మాదిగవాడు, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం నిమిత్తం ఏలూరు వైపు వెళ్ళినప్పుడు సువార్త విన్నారు. ఆయన, భార్య నాగమ్మ గారు 1866లో బాప్తిస్మము పొందారు. పేరయ్య గారు ఊరికే కూర్చోలేదు. పల్లె పల్లె తిరిగి తనవారికి చెప్పారు. ఆ మాట విన్నవారు దొరగారిని వెదుక్కుంటూ ఒంగోలు రాసాగారు.

అప్పుడు ఊరి పెద్దలు కబురు పంపారు. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను బడి మానిపిస్తామన్నారు. దొరగారు ఇరుకున పడ్డారు. తాను కట్టుకున్న ఆశ అంతా ఆ బడి మీదనే ఉంది. ఏమీ తోచక తన గదిలోకి వెళ్ళి బైబిలు తెరిచారు. కొరింథీయులకు పౌలు వ్రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయము చివరి భాగము కంటబడింది. లోకం లెక్కలోకి తీసుకోనివారిని దేవుడు పిలిచిన సంగతి అక్కడ ఉంది. మరొక గదిలో అమ్మగారు, భర్త ఏమి చదివారో తెలియకుండానే, తన బైబిలులో అదే భాగము చదువుతున్నారు. తరువాత ఇద్దరూ మాట్లాడుకొని ఆశ్చర్యపోయారు. నిశ్చయం అయిపోయింది. వచ్చినవారిని చేర్చుకున్నారు. పై కులాల పిల్లలు వెళ్ళిపోయారు.

పిల్లలు లేని తరగతిలో నిలబడిన ఉపాధ్యాయునికే ఆ బాధ తెలుసు. మేము ట్రైనింగు ముగించి చేరిన మొదటి పల్లెలో కోతల కాలానికి బడి ఖాళీ అయ్యేది. కానీ కుప్పలు పడగానే పిల్లలు మళ్ళీ వచ్చేవారు. దొరగారిది అటువంటి ఖాళీ కాదు. ఇక ఆ పిల్లల మీద ఆశ పెట్టుకోవడానికి లేదని తెలిసే ఆ పని చేశారు. బ్రాహ్మణ పిల్లలను ఆయన ద్వేషించలేదు, వెళ్ళగొట్టలేదు. రెండో వాకిలి మూయనన్నారు, అంతే.

1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆ నెలలోనే దొరగారు పేరయ్య గారి ఊరికి బయలుదేరారు. అది సుమారు 40 మైళ్ళ దూరం. చింతతోపులో డేరా వేసుకున్నారు. చుట్టుపట్ల జనం తిండిగింజలు, పడక బట్టలు మూట కట్టుకొని వచ్చి కొన్ని రోజులు అక్కడే ఉండి పాఠం నేర్చుకున్నారు. పలకా బలపం ఎరుగనివారికి ఆ చెట్ల నీడే బడి. వారిలో 28 మంది బాప్తిస్మము పొందారు. ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు: దొరగారు మొదట నేర్పినవి ఈ మూడే. వినడానికి చిన్నవి. కానీ ఊరి చాకిరీ చేసి బ్రతికే మనిషి ఆదివారం పనికి రానంటే ఏమవుతుందో ఆనాటివారికి బాగా తెలుసు. దెబ్బలు తిన్నవారున్నారు.

యౌవనంలో నేర్చిన సర్వే పని కూడా వృథా పోలేదు. 1876 నుండి 1878 వరకు ఉన్న మహా కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్ళకు పైగా త్రవ్వకం కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ కాలంలో నెలల తరబడి ఎవరికీ బాప్తిస్మము ఇవ్వలేదు. గుండ్లకమ్మ సంగతి ఆ తరువాతిది.

దొరగారు 1910 నవంబరులో రోచెస్టరు పట్టణంలో ప్రభువునందు నిద్రించారు.