మొదటి మెట్టు కట్టిన పురందరదాసు

అక్కలూ, చెల్లెళ్లూ, ఈసారి మన గోడపత్రికలో నేను పురందరదాసు గారి గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెబుతాను.

పోయిన నెలలో ప్రార్థన కోసం మనకు సరిగమలు నేర్పారు కదా. 'రి' దగ్గర నా గొంతు జారిపోయింది. వెనకనుంచి ఎవరో నవ్వి, కొండపిల్లలకు సంగీతం ఏం వస్తుందని అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఆదివారం లైబ్రరీ పుస్తకంలో ఈయన కథ చదివాను.

పురందరదాసు గారు 1484లో పుట్టారని చెబుతారు. అసలు పేరు శ్రీనివాస నాయకుడు. నగల వ్యాపారం, వడ్డీ వ్యాపారం చేసేవారు. చాలా డబ్బు ఉండేది గానీ ఎంతో పిసినారి. ఒక పేదాయన కొడుకు ఒడుగు కోసం సాయం అడిగితే రేపు రా, మాపు రా అని తిప్పించారట. ఆయన భార్య సరస్వతీబాయి జాలిపడి తన ముక్కుపుడక ఇచ్చేసింది. పేదాయన దాన్ని అదే కొట్టుకు అమ్మకానికి తెచ్చాడు. నాయకుడు గుర్తుపట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసి, ఇంటికెళ్లి భార్యను నిలదీశారు. ఆమె భయపడి విషం తాగబోతే ఆ గిన్నెలోనే ముక్కుపుడక కనపడిందట. కొట్టుకెళ్లి చూస్తే పెట్టె ఖాళీ. ఇది పెద్దలు చెప్పుకునే కథ.

అంతే, ఆస్తంతా పంచేసి, భార్యాబిడ్డలతో విజయనగరం వెళ్లిపోయారు. అంటే మన విజయనగరం కాదు. తుంగభద్ర ఒడ్డున ఉన్న హంపి. అక్కడ వ్యాసరాయల వారికి శిష్యుడై పురందరదాసు అయ్యారు. చేతిలో తంబూర, చిడతలు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని వీధి వీధి తిరిగి పాడుతూ, ఆడుతూ ఉండేవారు. పాటలు అందరికీ తెలిసే కన్నడ మాటల్లోనే కట్టారు. ఇప్పటికీ హంపిలో నది పక్కన పురందర మండపం ఉంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. అంత పెద్ద విద్వాంసుడు ఏమీ రాని పిల్లల గురించి ఆలోచించారు. ముందు సరళి వరసలు. సరిగమపదనిస పైకి ఎక్కడం, మళ్లీ కిందికి దిగడం. తర్వాత జంట వరసలు, ఒక్కో స్వరం రెండేసిసార్లు. తర్వాత అలంకారాలు, వాటితో 7 తాళాలు వస్తాయి. ఆ తర్వాతే చిన్న చిన్న గీతాలు. చేత్తో 8 లెక్కల ఆదితాళం వేస్తూ ముందు మెల్లగా, తర్వాత రెండింతలు, తర్వాత నాలుగింతలు వేగంగా పాడాలి.

ఈ పాఠాలు మాయామాళవగౌళ రాగంలో పెట్టారు. అందులో సరిగమ మధ్య ఎంతెంత దూరమో, పదనిస మధ్య కూడా అంతంతే దూరం. సగం వస్తే మిగతా సగం దారి తెలిసిపోతుంది. మొదటి గీతాలు మలహరి రాగంలో కట్టారు. దానిలో కొత్త స్వరమేదీ లేదు, పిల్లలు అప్పటికే నేర్చినవే. ఎవరూ మధ్యలో జారిపోకూడదని ఇలా కట్టారని నాకు అనిపించింది.

ఇది చదివాక నాకు మా ఊరి ధింసా గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా పిన్ని నన్ను వరస చివర నిలబెట్టి, పక్కామె నడుం చుట్టూ చెయ్యి వేయించి, ముందు ఒక్క అడుగే చూసుకోమంది. తుడుము, డప్పు మెల్లగా మోగాయి. అడుగు కుదిరాకే వేగం పెంచారు. అదీ సరళి వరస లాంటిదే కదా! మా పిన్ని బడికి వెళ్లలేదు, పురందరదాసు పేరు వినలేదు. అయినా నేర్పడం వచ్చు. కొండపిల్లలకు సంగీతం రాదన్నవాళ్లకి ఇదే నా జవాబు.

1564లో పురందరదాసు గారు చనిపోయారు. మరుసటి ఏడాది, 1565లో, యుద్ధంలో ఓడిపోయాక విజయనగరాన్ని దోచుకుని పాడుచేశారు. మేడలు పోయాయి, బంగారం పోయింది. ఆ సరళి వరసలు మాత్రం పోలేదు. ఈరోజు కూడా కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు వాటితోనే మొదలుపెడతారు. అందుకే ఆయన్ని కర్ణాటక సంగీత పితామహుడు అంటారు.

నేను రోజూ పొద్దున్న నీళ్ల పంపు దగ్గర 'రి' పాడుతున్నాను. ఇప్పుడు జారడం లేదు. 6వ తరగతిలో కొత్తగా చేరిన చెల్లెళ్లు అక్షరాలు రాలేదని రాత్రుళ్లు ఏడుస్తున్నారు. మనం వాళ్లని చూసి నవ్వొద్దు. పక్కన కూర్చుని ఒక్క మెట్టు చూపిద్దాం.

– 9వ తరగతి విద్యార్థిని