క్రాఫర్డ్ గ్రీన్‌వాల్ట్

క్రాఫర్డ్ హాలక్ గ్రీన్‌వాల్ట్ (1902 ఆగష్టు 16 - 1993 సెప్టెంబరు) అమెరికాకు చెందిన రసాయన ఇంజనీరు, పారిశ్రామికవేత్త, ప్రసిద్ధ పక్షి పరిశీలకుడు, ఛాయాచిత్రకారుడు. డ్యూపాంట్ కంపెనీ అధ్యక్షునిగా పనిచేస్తూనే, తీరిక సమయములో హమ్మింగ్ పక్షులను పరిశీలించి, వాటి ఎగిరే తీరును, రంగులను ఛాయాచిత్రాల ద్వారాను, కొలతల ద్వారాను వివరించాడు.

బాల్యము, విద్య

ఇతడు మసాచుసెట్స్ రాష్ట్రములోని కమింగ్టన్‌లో జన్మించాడు. తండ్రి వైద్యుడు. బీరూట్‌లో పుట్టిన తల్లి మేరీ హాలక్ పియానో విద్వాంసురాలు. సంగీతానికి అనుగుణంగా రంగుల వెలుగును ప్రసరింపజేసే పరికరాన్ని రూపొందించి ఆమె పేటెంట్లు కూడా పొందింది. గ్రీన్‌వాల్ట్ ఫిలడెల్ఫియాలో పాఠశాల చదువు ముగించి, 1922లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.) నుండి రసాయన ఇంజనీరింగులో పట్టా పొందాడు.

ఉద్యోగ జీవితము

పట్టా పొందిన సంవత్సరమే డ్యూపాంట్ కంపెనీలో చేరాడు. 1926లో ఆ కుటుంబానికే చెందిన మార్గరెట్టాను వివాహమాడాడు. 1930వ దశకములో నైలాన్‌ను ప్రయోగశాల నుండి కర్మాగారానికి తెచ్చిన కృషిలో పాలుపంచుకున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో షికాగో భౌతిక శాస్త్రవేత్తలకు, కంపెనీ ఇంజనీర్లకు నడుమ వారధిగా నిలిచాడు. 1942 డిసెంబరు 2న షికాగోలో మొట్టమొదటి నియంత్రిత అణు శృంఖల చర్య జరిగినప్పుడు ప్రత్యక్షంగా చూసిన కొద్దిమందిలో ఇతడొకడు. ఆ పరిశోధన ఫలితముగా వెలసిన హాన్‌ఫర్డ్ కర్మాగారములోని ప్లుటోనియమే నాగసాకిపై వేసిన బాంబులో వాడబడింది. ఇతడు 1948 నుండి 1962 వరకు కంపెనీ అధ్యక్షునిగాను, ఆ తరువాత 1967 వరకు బోర్డు చైర్మన్‌గాను ఉన్నాడు.

హమ్మింగ్ పక్షులు

హమ్మింగ్ పక్షులు అమెరికా ఖండాలలో మాత్రమే ఉంటాయి. మన తోటలలో పూలచుట్టూ తిరిగే తేనెపిట్టలు వేరొక కుటుంబానికి చెందినవి. హమ్మింగ్ పక్షులలో 350కి పైగా జాతులున్నాయి. వీటిలో చాలా జాతులు ఆండీస్ పర్వత ప్రాంతాలలో నివసిస్తాయి. ఇవి గాలిలో ఒకేచోట నిలువగలవు, వెనుకకు కూడా ఎగురగలవు.

అయితే చాలాకాలము పండితులు వీటిని చనిపోయిన నమూనాలను బట్టే వర్ణించవలసి వచ్చింది. ఈ పక్షులపై 1849 - 1861 మధ్య గొప్ప సచిత్ర గ్రంథాన్ని వెలువరించిన ఆంగ్ల పండితుడు జాన్ గౌల్డ్, సజీవమైన హమ్మింగ్ పక్షిని తొలిసారి చూసినది 1857లో. మెరుపును చూపించడానికి ఆ గ్రంథములోని చిత్రాలలో బంగారు రేకును వాడవలసి వచ్చింది. ఎగిరే పక్షిని, దాని అసలు మెరుపును కాగితంపైకి తేవడమనే సమస్య మాత్రము మిగిలిపోయింది. గ్రీన్‌వాల్ట్ చేపట్టినది ఈ సమస్యనే.

ఛాయాచిత్రణ

చిన్న హమ్మింగ్ పక్షుల రెక్కలు సెకనుకు 50 సార్లకు పైగా ఆడతాయి. మామూలు కెమెరాతో తీస్తే రెక్కల స్థానములో మసక మాత్రమే మిగులుతుంది. అందుచేత ఎం.ఐ.టి. ఆచార్యుడైన హెరాల్డ్ ఎడ్గర్టన్ అభివృద్ధి చేసిన అతివేగ ఎలక్ట్రానిక్ ఫ్లాష్ పద్ధతిని గ్రీన్‌వాల్ట్ అనుసరించాడు. ఇందులో కదలికను ఆపేది షట్టరు కాదు, క్షణములో అతి స్వల్పభాగము మాత్రమే వెలిగే ఫ్లాష్. పంచదార నీటిని ఎరగా ఉంచితే పక్షి వచ్చి దాని ముందు నిలుస్తుంది. ఎత్తైన పర్వతారణ్యాలలో మేఘాలు కమ్మి వెలుతురు తక్కువగా ఉంటుంది కనుక అక్కడ ఈ పద్ధతి మరింత అవసరము.

బ్రెజిల్‌లో ఇతనికి ఆ దేశపు పక్షి శాస్త్రవేత్త అగస్టో రుషి తోడ్పడ్డాడు. ఇతని 'హమ్మింగ్‌బర్డ్స్' గ్రంథము 1960లో వెలువడింది. ఉత్తర పెరూ పర్వత లోయలలో మాత్రమే నివసించే లోడిజీసియా అనే అరుదైన పక్షిని గురించి 1966లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వ్యాసము రాశాడు. ఈ జాతికి తోకలో నాలుగే ఈకలు. మగపక్షికి వాటిలో రెండు చాలా పొడవుగా పెరిగి, కొనలలో వెడల్పైన నీలి బిళ్ళలతో ముగుస్తాయి.

పరిశోధనలు

గాలి సొరంగములో పక్షిని ఎగురవేసి, దాని అత్యధిక వేగము గంటకు సుమారు 43 కిలోమీటర్లని గ్రీన్‌వాల్ట్ కొలిచాడు. అంతకు ముందు ప్రచారములో ఉన్న అంచనాలు దీనికి చాలా ఎక్కువ. కంఠములోని మెరుపు రంగు వర్ణద్రవ్యము వలన కలిగేది కాదు. ఈకల పోగులలో గాలి బుడగలు గల అతి పలుచని పొరలున్నాయని, వాటి నుండి పరావర్తనము చెందిన కాంతి తరంగాలు కలిసినందున ఆ రంగు ఏర్పడుతుందని సహచరులతో కలిసి 1960లో వివరించాడు. అందుకే చూసే కోణము మారగానే కెంపువలె మెరిసిన కంఠము నల్లబడుతుంది. 1968లో వెలువడిన పక్షుల పాటపై గ్రంథములో, కొన్ని పక్షులు ఒకేసారి రెండు వేర్వేరు స్వరాలను పలికించగలవని చూపాడు.

మరణము, ప్రాముఖ్యత

గ్రీన్‌వాల్ట్ 1993లో తన 91వ యేట మరణించాడు. ఇతని కుమారుడు పురావస్తు శాస్త్రవేత్తగా టర్కీలోని సార్డిస్ తవ్వకాలకు నాయకత్వము వహించాడు. ఛాయాచిత్రము కేవలము అందమైన జ్ఞాపిక కాదని, బ్రతికి ఉన్న పక్షిని చంపకుండానే కొలువగల శాస్త్ర సాధనమని నిరూపించడము గ్రీన్‌వాల్ట్ కృషిలోని విశేషము. ఆండీస్ అడవులు నరికివేతకు గురి అవుతున్నందున, నివాసస్థలములోనే పక్షిని పరిశీలించే ఇటువంటి పద్ధతికి ప్రాముఖ్యత మరింత పెరిగింది.