మైకేల్ ఫారడే

నేడు మన యిండ్లలో దీపములు వెలుగుటకును, కర్మాగారములలో యంత్రములు తిరుగుటకును వలయు విద్యుత్తును అయస్కాంతము సాయమున పుట్టించు మార్గమును కనుగొన్నవాడు మైకేల్ ఫారడే. ఇతడు ఏ విశ్వవిద్యాలయమునను చదువలేదు. పదుమూడవ యేటనే బడి మాని పనిలో చేరిన కమ్మరి కొడుకు. అట్టివాడు తన వృత్తిని ఎట్లు మార్చుకొనెనో, మార్చుకొన్న వృత్తిలో ఎట్లు నిలిచెనో తెలిసికొనదగిన విషయము.

ఫారడే 1791 సెప్టెంబరు 22వ తేదీన లండనుకు చేరువనున్న న్యూయింగ్టన్ బట్స్ అను చోట జన్మించెను. తండ్రి జేమ్స్ రోగపీడితుడగుటచే దినమంతయు సమ్మెట పట్టజాలకుండెను. 1801లో ధాన్యము ధర మిక్కిలి పెరిగినపుడు తల్లి యీ బాలునకు ఒక రొట్టె యిచ్చి వారమంతయు దానితోనే గడుపుకొమ్మనెడిదట. చదువుట, వ్రాయుట, కొలదిగా లెక్కలు చేయుట, ఇంతియే బడిలో అతడు నేర్చినది.

1804లో ఫారడే జార్జి రీబో అను పుస్తక విక్రేత కడ పనికి కుదిరెను. ఉదయమున వార్తాపత్రికలను ఇంటింటికి కొనిపోయి యిచ్చుట, వారు చదివిన పిదప తిరిగి తెచ్చి వేరొకరికి అందించుట అతని పని. మరుసటి యేట రీబో అతని నమ్మకమైన నడవడికి మెచ్చి, రుసుము పుచ్చుకొనకయే, ఏడేండ్ల ఒప్పందముతో బైండింగు పని నేర్పుటకు చేర్చుకొనెను.

అట్టలు వేయుటకు వచ్చిన పుస్తకములను ఫారడే కుట్టి విడిచిపెట్టలేదు, చదివెను. ఒక విజ్ఞానసర్వస్వములో విద్యుత్తును గూర్చిన వ్యాసము అతని కంటబడెను. జేన్ మార్సెట్ అను విదుషి వ్రాసిన రసాయనశాస్త్ర సంభాషణల గ్రంథము అతని మనస్సును పూర్తిగా దోచుకొనెను. చదివిన దానిని చేసి చూడనిదే అతనికి నమ్మిక కలుగదు. కావున మిగిలిన కాసులతో సామగ్రి కొని, చిన్న చిన్న ప్రయోగములు చేయుచుండెను. ఏడు రాగినాణెములు, ఏడు జింకు బిళ్ళలు, వాని నడుమ ఉప్పునీట తడిపిన కాగితపు ముక్కలు పేర్చి, 1812లో ఒక విద్యుద్ఘటమును తానే తయారుచేసికొనెను.

1810లో టాటమ్ అనునతడు తన యింట శాస్త్రోపన్యాసము లిచ్చుచుండెను. ప్రవేశ రుసుము ఒక షిల్లింగు. తమ్మునికి ఆ షిల్లింగును కమ్మరి పని చేయు అన్న రాబర్టు ఇచ్చుచుండెను. ఆ యేటనే తండ్రి మరణించెను. అట్టి రోజులలో కొలిమి కడ చెమటోడ్చి సంపాదించిన షిల్లింగును ఉపన్యాసమునకై తమ్ముని చేతిలో పెట్టిన ఆ యన్నను కూడ మనము మరువరాదు. వినిన దానిని ఫారడే చక్కగా వ్రాసికొనుచుండెను. యంత్రముల పటములు గీయుట రాకపోగా, రీబో యింట బసచేసియున్న మాస్కరియే అను చిత్రకారుని ఆశ్రయించి ఆ విద్యయు నేర్చుకొనెను.

1812లో రీబో దుకాణమునకు వచ్చు విలియమ్ డాన్స్ అను పెద్దమనిషి, సర్ హంఫ్రీ డేవీ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇచ్చు నాలుగు ఉపన్యాసములకు ఫారడేకు టిక్కెట్లు ఇచ్చెను. డేవీ ఆ కాలపు రసాయన శాస్త్రజ్ఞులలో అగ్రగణ్యుడు. ఫారడే మేడమీది వరుసలో కూర్చుండి, వినిన దానిని అక్కడనే వ్రాసికొని, ఇంటికి వచ్చి విపులముగా వ్రాసి, పటములు చేర్చి, తన చేతితోనే బైండు చేసెను. అది మూడువందల పుటలకు మించిన గ్రంథమయ్యెను.

ఆ యక్టోబరులో ఏడేండ్ల గడువు ముగిసెను. ఫారడే డిలారోష్ అను మరియొక బైండరు కడ జీతమునకు చేరెను. డిలారోష్ ముక్కోపి, అయినను ఫారడే పనితనము నెరిగినవాడు. తనకు సంతానము లేదు గనుక, తన కడనే యుండినచో తన యనంతరము దుకాణమంతయు ఫారడేకే చెందునని అతడు ఆశ చూపెను. తండ్రిలేని యిరువది యొక్కేండ్ల యువకునికి, తల్లి బసదారులను పెట్టుకొని సంసారము నీడ్చుచున్న యింటివానికి, ఇది చిన్న విషయము కాదు. స్థిరమైన జీవనము చేతికందుచుండెను. రెండవ వైపున ఉన్నది కోరిక మాత్రమే.

రాయల్ సొసైటీ అధ్యక్షుడైన సర్ జోసెఫ్ బ్యాంక్స్‌కు ఫారడే ఒక లేఖ వ్రాసి, శాస్త్రశాలలో ఎంత చిన్న పనియైనను ఇప్పింపుమని వేడుకొనెను. జాబు రాలేదు. ఆ లేఖలో అతడు చూపగలిగినది కోరిక యొక్కటే. పిదప డేవీకి వ్రాసినపుడు ఆ పొరపాటు చేయలేదు. లేఖతోపాటు తాను బైండు చేసిన గ్రంథమును పంపెను. వ్రాతలోని శ్రద్ధ, పటములలోని నేర్పు, కుట్టులోని పనితనము, అన్నియు ఆ గ్రంథమే చెప్పెను. డిసెంబరు నెలాఖరున డేవీ నుండి ఆదరముతో కూడిన ప్రత్యుత్తరము వచ్చెను. ప్రయోగములో ప్రేలుడు జరిగి డేవీ కన్ను గాయపడిన ఆ దినములలో, ఫారడే కొలది రోజులు అతనికి వ్రాయసకానిగా కూడ నుండెను.

అయినను ఉద్యోగము వెంటనే దొరకలేదు. ఖాళీ లేదనియు, శాస్త్రసేవలో కష్టమే గాని ధనము లేదనియు, బైండింగు పని మానవలదనియు డేవీ హితము చెప్పెను. 1813 ఫిబ్రవరిలో ప్రయోగశాల సహాయకుడొకడు కొట్లాటకు దిగి పనినుండి తొలగింపబడెను. ఒకనాటి రాత్రి ఫారడే నిద్రకు ఉపక్రమించు వేళ ఇంటి ముంగిట బండి యాగెను; డేవీ సేవకుడు చీటి తెచ్చెను. మార్చి 1వ తేదీన ఫారడే నియుక్తుడయ్యెను. జీతము వారమునకు 25 షిల్లింగులు. ఉండుటకు మేడపై రెండు గదులు. సీసాలు కడుగుట, ఉపన్యాసములకు సామగ్రి యమర్చుట అతని విధులు.

ఆ సంవత్సరమే డేవీ యూరపు యాత్రకు బయలుదేరుచు ఫారడేను వెంట గొనిపోయెను. డేవీ పరిచారకుడు కడపటి క్షణమున రాననగా ఆ పనియు ఇతని నెత్తిన బడెను. డేవీ భార్య ఇతనిని సేవకునివలెనే చూచెను. మనస్సు నొచ్చి తిరిగి పోవలెనని ఫారడే ఒకటి రెండుసార్లు తలచెను గాని, ఫ్రెంచి, ఇటాలియను భాషలను నేర్చి, ఆంపియర్, వోల్టా వంటి మహనీయులను చూచి, 1815లో స్వదేశము చేరెను.

తిరిగి వచ్చిన పిదప ఫారడే తనలో కొరతలేవో వెదకి చూచుకొనెను. భాష దిద్దుకొనుటకు మాగ్రాత్ అను మిత్రుడు వారమునకు రెండు గంటల చొప్పున ఏడేండ్లు సాయపడెను. ఉపన్యాస మిచ్చుట నేర్చుటకు, చాలని జీతములోనే రుసుము చెల్లించి, 1818లో స్మార్ట్ అను వక్తృత్వ గురువు కడ పాఠములు చెప్పించుకొనెను. తాను వేగముగా మాటలాడునపుడు మెల్లగా అని వ్రాసిన అట్టముక్కను ఎదుట పెట్టు ఏర్పాటు కూడ చేసికొనెను. ఇంగ్లాండులో శాస్త్రవిషయమును సామాన్యులకు తెలియజెప్పుటలో అతనికి సాటి లేకపోవుటకు వెనుక ఇంత సాధన యున్నది.

1821లో విద్యుత్తు ప్రవహించు తీగ అయస్కాంతము చుట్టును తిరుగునట్లు చేసి చూపెను. 1824లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. దానికి డేవీయే అడ్డుపడుట విచారకరము. 1825లో ప్రయోగశాలాధిపతి యయ్యెను. లండను విశ్వవిద్యాలయము 1827లో ఆచార్యపదవి నీయజూపగా, తనను పెంచిన సంస్థ యిబ్బందులలో నున్నదని నిరాకరించెను. వ్యాపారులకై రసాయన పరీక్షలు చేసి, 1830లో వెయ్యి పౌనులు గడించెను. కాని 1831 ఆగస్టు 29వ తేదీన ఇనుప కడియమునకు ఇరువైపుల రాగితీగలు చుట్టి, ఒక తీగలో ప్రవాహము మొదలైనపుడును, నిలిచినపుడును రెండవ తీగలో క్షణకాలము విద్యుత్తు పుట్టుటను చూచిన పిదప, అతడు ఆ రాబడిని క్రమముగా విడిచిపెట్టెను. నాడు బైండింగు దుకాణమును వదలుకొన్నట్లే నేడు వేలకొలది పౌనులను వదలుకొనెను.

ఫారడే జ్ఞాపకశక్తి బలమైనది కాదు. కావుననే ప్రతి ప్రయోగమును వ్రాసి, అంకె వేసి యుంచెను. ఆ యంకెలు 16,041 వరకు సాగినవి. 1857లో, తన లేఖకు జాబీయని బ్యాంక్స్ అలంకరించిన రాయల్ సొసైటీ అధ్యక్షపీఠమే తనకు లభింపగా వలదనెను. మరపు ముదిరిన కొలది, ఒకరు చెప్పకమున్నే, తన బాధ్యతల నొక్కొక్కటిగా తానే విడిచెను. 1861లో బాలురకు ఏటేట ఇచ్చు క్రిస్మస్ ఉపన్యాసములను, 1865లో దీపస్తంభములకు సంబంధించిన సలహాదారు పనిని వదలి, విక్టోరియా రాణి హాంప్టన్ కోర్టున ఇచ్చిన యింట విశ్రమించెను. 1867 ఆగస్టు 25వ తేదీన అక్కడనే, తన కుర్చీలో కూర్చుండి యుండగా, ప్రశాంతముగా ప్రాణములు విడిచెను.