ఏటి నడుమ పలికిన మాట

గుడివాడ నుంచి గానీ, మచిలీపట్నం నుంచి గానీ పామర్రు చేరి, అక్కడి నుంచి చల్లపల్లి మీదుగా దివిసీమకు పోయే దారిలో మీరెప్పుడైనా ప్రయాణించారా? ఆ దారిలో వరిచేల నడుమ కూచిపూడి కనిపిస్తుంది. బాలాత్రిపురసుందరీ సమేత రామలింగేశ్వరస్వామి కొలువైన ఊరు. అక్కడ నాట్యకారుడు గజ్జె కట్టే ముందు దానికి పూజ చేసి కళ్ళకద్దుకుంటాడు. మీ ఇంట్లోనూ పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకుంటారు, గడపకు పసుపు రాస్తారు, దసరానాడు నాగలికీ కుట్టుమిషనుకూ బొట్టు పెడతారు. నిత్యం వాడుకొనే వస్తువును, నిత్యం చూసే మనిషిని మంగళకరంగా భావించే ఈ సంస్కారాన్ని ఒక గ్రామానికి బ్రతుకుబాటగా చేసిన మహనీయుడు సిద్ధేంద్రయోగి.

ఆయన కాలం విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. పదిహేడో శతాబ్దివాడని పలువురంటారు. అంతకు పూర్వుడనేవారూ ఉన్నారు. జీవితగాథ మాత్రం కృష్ణాతీరంలో తరతరాలుగా చెప్పుకొంటున్నదే.

తల్లిదండ్రులు లేని బాలుడు సిద్ధయ్య. విద్యాసక్తితో ఉడిపి చేరి శ్రీకృష్ణుని సన్నిధిలో శాస్త్రాభ్యాసం చేశాడు. ఆనాటి ఆచారం ప్రకారం వివాహం బాల్యంలోనే జరిగిపోయింది. చదువు ముగించి స్వస్థలానికి వచ్చాక, యుక్తవయసు వచ్చిన భార్యను చూడడానికి అత్తవారింటికి బయలుదేరాడు. నడుమ కృష్ణవేణి అడ్డం.

ఆనాటి నదిని ఒక్కసారి ఊహించుకోండి. బెజవాడ ఆనకట్ట పూర్తయినది 1855లో. అంతకు ముందు నీటిని ఆపేదీ లేదు, కాలువలకు మళ్ళించేదీ లేదు. వరదకాలంలో సముద్రానికి పరుగెత్తే ఆ ప్రవాహానికి దరి కనిపించేది కాదు. పడవ దొరకలేదు. సిద్ధయ్య ఈతకు దిగాడు. నడియేట సత్తువ తగ్గింది, సుడి లాగింది. ప్రాణం పోయే వేళ స్వీకరించే సన్న్యాసాన్ని ఆపత్సన్న్యాసం అంటారు. దానినే ఆయన ఆశ్రయించాడు. ఒడ్డు చేరితే ఇక ఈ జన్మ శ్రీకృష్ణునిదేనని మనసా ప్రమాణం చేశాడు. చేరాడు.

ఇక్కడే మీరు కాస్త నిలిచి ఆలోచించాలి. భయంలో మొక్కిన మొక్కులు గట్టెక్కాక సన్నగిల్లడం లోకరీతి. కొబ్బరికాయలు పదకొండనుకున్నవి ఒకటవుతాయి. తడిబట్టలతో అత్తవారి గుమ్మం ముందు నిలిచిన ఆ యువకుణ్ణి, ఏట్లో అన్న మాటను ఏట్లోనే వదిలెయ్యమని అడిగేవారెవరూ లేరు. ఆ మాట విన్నవారే లేరు. అయినా ఆయన దాచలేదు. జరిగినది చెప్పి, భార్య అంగీకారంతో సన్న్యాసి అయ్యాడని గాథ. కథ చెప్పేవారు ఆమె పేరు సాధారణంగా చెప్పరు. అది ఈ గాథలో ఒక వెలితి.

ఆ తరువాత సిద్ధేంద్రుడు రచించినది భామాకలాపం. శ్రీకృష్ణునికి దూరమైన సత్యభామ విరహం, అలక, అహంకారం, చెలికత్తె మాధవితో లేఖ పంపడం అందులో ఇతివృత్తం. సత్యభామ జీవాత్మ అని, కృష్ణుడు పరమాత్మ అని, మాధవి త్రోవ చూపే గురువువంటిదని పెద్దలు వ్యాఖ్యానిస్తారు. ఆ వ్యాఖ్యానం సరే. భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి వేదనను సన్న్యాసి అంత లోతుగా పట్టుకోవడంలో ఏటి ఆవలి గుమ్మం నీడ ఉన్నదని మాత్రం నాకు తోస్తుంది.

దానిని ప్రదర్శించేందుకు ఆయన కూచిపూడి బ్రాహ్మణ బాలురను ఎంచుకొన్నాడు. ఊళ్ళో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని వారి పెద్దల చేత ప్రమాణం చేయించాడంటారు. ఇది మీరు తేలికగా దాటిపోయే మాట కాదు. అందగాడు, గొంతున్నవాడు, ప్రతిభ గలవాడు అని ఏరలేదు. పొట్టివాడికీ నత్తివాడికీ కూడా ఒక రాత్రి అమ్మవారి నగలు దక్కుతాయి. భామ జడ సామాన్యమైన జడ కాదు. ఇరవై ఏడు నక్షత్రాలు, సూర్యచంద్రులు, నాగరాజు అందులో ఉన్నారని సంప్రదాయం. తెర మీదుగా ఆ జడను ముందుకు విసిరి, తనను అభినయంలో ఓడించగలవారు దానిని కోయవచ్చని సవాలు చేయడం ఆనవాయితీ.

ఆడే నేల కూడా అంతే. ఊరి మధ్య మామూలు మన్ను. పూర్వరంగంలో దానిపై పుణ్యజలం చల్లి, ముగ్గు వేసి, దీపం వెలిగించి, ధూపం చూపుతారు. ఇంద్రధ్వజాన్ని నిలుపుతారు, వినాయకుణ్ణి ప్రార్థిస్తారు. పగలు పశువులు నడిచిన చోటే రాత్రికి ద్వారక. ముఖ్యపాత్ర ప్రవేశించేటప్పుడు దివిటీలపై గుగ్గిలం పొడి చల్లితే భగ్గున లేచే వెలుగులో, ఇద్దరు పట్టిన తెర వెనుక నుంచి పొరుగింటి కుర్రవాడే సత్యభామగా వస్తాడు. ఆట ముగిశాక మంగళం పాడి హారతి ఇస్తారు.

గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా (పాలన 1672-1687) తన రాజ్యానికి ప్రధాన రేవైన మచిలీపట్నం వైపు వచ్చినప్పుడు ఈ భాగవతుల ఆట చూసి, మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. ముస్లిం ప్రభువు హిందూ దేవుని కథకు మాన్యమిచ్చిన ఆ ఉదంతాన్ని కూచిపూడి వారు నేటికీ కృతజ్ఞతతో చెప్పుకొంటారు.

సిద్ధేంద్రుని మాటను మన కాలానికి దగ్గరగా నిలబెట్టినవారిలో వేదాంతం సత్యనారాయణశర్మ (1935-2012) ముందుంటారు. సత్యభామ వేషానికే ప్రసిద్ధులైన ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. వేషంలో ఆయనను పురుషుడని పోల్చుకోలేక తికమకపడిన ప్రేక్షకుల ముచ్చట్లు ఆ ప్రాంతపు పెద్దలనడిగితే మీకూ చెబుతారు. నేడు ఆ వేషం బాలికలకూ దక్కింది. దేశదేశాల్లో వేలమంది సత్యభామలున్నారు. వారు కూడా కాలికి కట్టే ముందు గజ్జెను కళ్ళకద్దుకుంటారు.