కర్బూజ కోసి కంటతడి పెట్టిన పాదుషా

బాబరు అనగానే మనకి పానిపట్టు యుద్ధం, ఫిరంగులు గుర్తొస్తాయి. స్కూల్లో బట్టీ పట్టింది అంతవరకే కదా! తన తుర్కీ భాషలో ఆయన రాసుకున్న ఆత్మకథ అనువాదం చదువుతుంటే నాకు ఇంకో మనిషి కనిపించాడు. ఏ ఊరి గురించి రాసినా, అక్కడ ఏ పండు బాగుంటుందో చెప్పందే ముందుకి కదలడు.

1483లో, ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లో ఉన్న అందిజాన్‌లో పుట్టాడు. తండ్రి పోవడంతో 1494లో, పదకొండేళ్లకే గద్దె ఎక్కాడు. వెనక ఉండి నడిపించింది అమ్మమ్మ ఐసాన్ దౌలత్ బేగం. సమర్‌ఖండ్ కోసం పోరాడి, గెలిచి, పోగొట్టుకుని, చివరికి 1504లో కాబూల్ పట్టుకున్నాడు.

ఆ ప్రాంతమంతా పండ్లకి పుట్టిల్లు. కాకపోతే పండు పండగానే సరా? పొడిగాలి అందులో నీరంతా లాగేస్తుంది. ఎండ వేడికి కుళ్లిపోతుంది. అక్కడివాళ్లు కనిపెట్టిన ఉపాయాలు చూడండి, అచ్చం మన వంటింటి తెలివితేటలే! మర్గిలాన్‌లో ఖుబానీ పండ్ల గింజ తీసేసి, లోపల బాదంపప్పు పెట్టి ఎండబెడతారని బాబరు రాశాడు. మన హైదరాబాదు పెళ్లిళ్లలో మీఠా చేసే ఖుబానీయే అది. ఖ్వారిజమ్ కర్బూజల్ని ముక్కలు కోసి, ఎండబెట్టి, రెల్లుబుట్టల్లో మన దేశం దాకా పంపేవారని అంతకుముందే, 14వ శతాబ్దంలో, ఇబ్న్ బతూతా రాశాడు.

ఇక కాబూల్ వైపు పల్లెల్లో ద్రాక్ష దాచే పద్ధతి నాకు భలే నచ్చింది. దాన్ని కంగినా అంటారు. మట్టిలో గడ్డి కలిపి మూకుళ్లలాగా చేసి ఎండలో ఆరబెడతారు. తొక్క మందంగా ఉండి, దెబ్బ తగలని ద్రాక్ష ఏరి ఒకదాంట్లో పెడతారు. రెండోది పైన బోర్లించి, అంచుల చుట్టూ తడిమట్టి మెత్తేస్తారు. చల్లగా, పొడిగా ఉన్నచోట పెడితే వసంతంలో నౌరోజ్ పండుగ దాకా తాజాగా ఉంటాయి. కోసిన పండు కూడా ఊపిరి పీలుస్తుంది. బయటి గాలి సరిగా ఆడకపోతే ఆ ఊపిరి నెమ్మదిస్తుంది, పండు త్వరగా ముదరదు. మనం మామిడికాయలు మగ్గాలని వరిగడ్డిలో వేస్తాం. వాళ్లు మగ్గకుండా మట్టిలో మూస్తారన్నమాట!

దూరాలకి పంపాలంటే దూది. బాబరు వంశీకుల కాలంలో, 17వ శతాబ్దంలో, బల్ఖ్, బుఖారాల ద్రాక్ష దూదిలో చుట్టి ఢిల్లీ బజారుకి రావడం ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ చూశాడు.

1526లో పానిపట్టు గెలిచి బాబరు ఆగ్రా చేరాడు. రాజ్యం వచ్చింది గానీ ప్రాణానికి సుఖం లేదు. మండే ఎండ, దుమ్ము. మంచి ద్రాక్ష లేదు, కర్బూజ లేదు, చల్లటి నీళ్లు లేవు. మామిడిపండును కూడా కొంచెం ఆచితూచే మెచ్చుకున్నాడు! ఆప్తమిత్రుడు ఖ్వాజా కలాన్ ఈ ఎండలు పడలేక వెనక్కి వెళ్లిపోయాడు. 1529లో ఆయనకి రాసిన ఉత్తరంలో బాబరు మనసు విప్పాడు. ఎవరో తెచ్చిచ్చిన కర్బూజ కోస్తుంటే సొంతగడ్డ గుర్తొచ్చి కన్నీళ్లు ఆగలేదట. అన్ని యుద్ధాలు చేసిన మనిషి, పండు ముందు కూర్చుని ఏడ్చాడు.

అక్కడితో ఊరుకోలేదు. బల్ఖ్ నుంచి వచ్చిన తోటమాలి చేత ఆగ్రాలోనే కర్బూజలు వేయించాడు, ద్రాక్ష నాటించాడు. అదే ఏడాది అవి కాస్తే ఎంత సంబరపడ్డాడో! మరుసటి ఏడాది, 1530లో, నలభై ఏడేళ్లకే కన్నుమూశాడు. మొదట ఆగ్రాలో ఖననం చేశారు. కొన్నేళ్లకి, ఆయన కోరిక ప్రకారమే, కాబూల్ తోటకి చేర్చారు.

దూరదేశంలో ఉన్న పిల్లలకి ఆవకాయ పొట్లం కట్టి, నూనె కారకుండా నాలుగు కవర్లు చుట్టే అమ్మలకి ఆ పాదుషా కన్నీటి సంగతి వేరే చెప్పాలా? మట్టి మూకుడైనా, దూది పొరైనా, మన ప్లాస్టిక్ కవరైనా, లోపల పంపేది ఊరినే కదండీ!