ఒక గ్రాము రేడియం

చీటీపాటకి మేమంతా కూర్చున్నప్పుడల్లా నాకు మేరీ క్యూరీ గుర్తొస్తుంది. పోలెండులో పుట్టి, పారిస్‌లో చదివి, 1898లో భర్త పియరీతో కలిసి రేడియం కనిపెట్టిందావిడ. విజ్ఞానం అందరిదీ అని పేటెంటు తీసుకోలేదు. తీరా పరిశోధనకి ఇంకో గ్రాము కావాలంటే లక్ష డాలర్లు! కొనే తాహతేదీ? అమెరికా స్త్రీలు చందాలు పోగుచేసి 1921లో కొనిచ్చారు. దాన్నీ తన పేర ఉంచుకోక ప్రయోగశాలకే రాయించింది. 1922లో నానాజాతి సమితి మేధో సహకార సంఘంలో చేరి, యువ శాస్త్రజ్ఞులకి అంతర్జాతీయ ఉపకార వేతనాలు కావాలని పట్టుబట్టింది. 1929లో అమెరికా ఇచ్చిన రెండో కానుకని పుట్టిన ఊరు వార్సాలోని రేడియం సంస్థకిచ్చింది. 1934లో కన్నుమూసింది.

ఎక్కడి అమెరికా, ఎక్కడి పోలెండు! ఈసారి చీటీలో ఒక వాటా మా పనిమనిషి కూతురి కాలేజీ ఫీజుకి ఇద్దామన్నాను. ఎవరూ కాదనలేదు.